మోకాల్లోతే అంటారు, ఎవరి మోకాలు?

"లోతెంత ఉందన్నా?"

"ఏముందమ్మా, మోకాల్లోతే. దిగండి."

గూడూరు పక్కన పంబలేరు చప్టా మీద విన్న మాటలివి. కార్తీక సోమవారం, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గేదెల్ని అవతలికి తోలుకుపోతున్న పెద్దాయన అబద్ధమేమీ చెప్పలేదు, నీళ్లు ఆయన మోకాలికే తగులుతున్నాయి. అడిగిన అమ్మాయి చేతిలో దీపాల పళ్లెం ఉంది. ఆమె కుచ్చిళ్లు పట్టుకుని ఆరేళ్ల పిల్లాడు నిలబడ్డాడు. పెద్దాయన మోకాలి దగ్గరున్న నీళ్లు వాడికి తొడ పైదాకా వస్తాయి. ఆయనకు అది వాగు, వాడికి నది.

ఫలానా ఏట్లో ఈరోజు దిగొచ్చా, పడవ వేయొచ్చా, ఈత కొట్టొచ్చా అన్నదానికి చాలా దేశాల్లో అంకెలతో జవాబు చెబుతారు. ఒడ్డున బోర్డు పెడతారు, రంగు మారుస్తారు, ఫోనులో చూపిస్తారు. మనకూ ఒక కొలత ఉంది, తాతల నాటిది: చీలమండ లోతు, మోకాల్లోతు, మొలలోతు, రొమ్ములోతు, పీకల్లోతు, నిలువులోతు. చాలా మంచి కొలబద్ద. వెంట మోసుకెళ్లక్కర్లేదు, చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. కానీ అది ఎవరి మోకాలో చెప్పదు, నీళ్లు ఎంత వడిగా పోతున్నాయో చెప్పదు. ఏట్లో కొట్టుకుపోయిన వాళ్లలో ఎంతోమంది మొలలోతు నీళ్లలోనే కాలు తప్పారు.

లోతునూ వడినీ కలిపే లెక్క ఒకటుంది, అది తేలికైన గుణకారం. లోతును మీటర్లలో తీసుకోవాలి, వేగాన్ని సెకనుకు ఎన్ని మీటర్లో తీసుకోవాలి, రెండింటినీ హెచ్చవేయాలి. పారే నీళ్లలో మనుషుల్ని నిలబెట్టి ఎప్పుడు పట్టు తప్పుతారో చూసిన ప్రయోగాలు చాలా జరిగాయి. వాటన్నిటినీ క్రోడీకరించి ఆస్ట్రేలియా ఇంజినీర్లు 2010లో హద్దులు తేల్చారు. పెద్దవాళ్లకు ఆ లబ్ధం 0.6 లోపు ఉండాలి. శిక్షణ పొందిన సహాయక సిబ్బందికైనా 0.8 చివరి గీత. 1.2 దాటితే నిలబడటం మనిషి వల్ల కాదు. పిల్లలకు హద్దు 0.4. వడి అసలు లేకపోయినా పిల్లలకు అర మీటరు, పెద్దలకు 1.2 మీటర్లు మించిన లోతు పనికిరాదు.

ఇందులో నన్ను ఆపేసిన మాట ఇంకొకటి ఉంది. "పిల్లలు" అంటే ఎవరని వాళ్లు అంకెలోనే చెప్పారు. పిల్లవాడి ఎత్తును మీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని హెచ్చవేస్తే 25కూ 50కీ మధ్య రావాలి. తొమ్మిదేళ్ల పిల్ల 1.3 మీటర్ల ఎత్తు, 26 కిలోల బరువు ఉందనుకుంటే దాదాపు 34 వస్తుంది. ఆ పిల్లకు 0.4 హద్దు వర్తిస్తుంది. ఆరేళ్ల పిల్లాడు 1.15 మీటర్లు, 20 కిలోలు ఉంటే 23 వస్తుంది. 25కు లోపు వచ్చినవాళ్లకు, ఒంట్లో సత్తువ లేని ముసలివాళ్లకు ఈ పట్టికలో హద్దే లేదు. వరద పారుతుంటే వాళ్లకు ఏ లోతైనా ప్రమాదమే. చప్టా మీది పిల్లాడు ఈ లెక్కలోకే వస్తాడు.

లోతు కొలవడానికి కర్ర చాలు. వేగం కొలవడానికి ఇంజినీర్ల దగ్గర మీటర్లుంటాయి, మనకు ఒక కమలాపండు చాలు. ఒడ్డు వెంట పది మీటర్లు అడుగులతో కొలుచుకుని రెండు చోట్లా గుర్తు పెట్టుకోవాలి. పైనుంచి పండును నీళ్లలో వేసి మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు ఎన్ని సెకన్లలో చేరిందో లెక్కపెట్టాలి. కమలాపండే ఎందుకంటే అది తేలుతుంది కానీ చాలా భాగం నీళ్లలోనే ఉంటుంది, గాలికి పక్కకు పోదు. పుల్లలూ ఎండుటాకులూ గాలి ఎటు తోస్తే అటు పోతాయి. మాది నిమ్మకాయల ఊరు కాబట్టి మొదట చేతికొచ్చేది నిమ్మకాయే. కానీ మన నిమ్మకు తొక్క పలచన, మునిగిపోవచ్చు. కమలాపండుకు తొక్క మందం, అందులో గాలి ఉంటుంది.

పండుకు 8 సెకన్లు పట్టిందనుకుందాం. పైనీటి వేగం సెకనుకు 1.25 మీటర్లు అన్నమాట. అడుగున ఇసుక, రాళ్లు అడ్డుపడటంతో లోపలి నీళ్లు కాస్త నెమ్మదిగా పోతాయి కాబట్టి 0.85తో హెచ్చవేయడం ఆనవాయితీ. 1.06 వచ్చింది. లోతు 40 సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్ల మోకాలికి కాస్త కింద. లబ్ధం 0.42. పెద్దవాళ్లు పాసయ్యారు, తొమ్మిదేళ్ల పిల్ల తప్పింది. అదే వేగంతో లోతు 60 సెంటీమీటర్లయితే 0.64, పెద్దవాళ్లూ తప్పారు. మోకాలి కింది నుంచి తొడదాకా పెరిగింది జానెడే, ఎవరు దిగొచ్చన్న జవాబు మాత్రం తారుమారైంది. పైగా నీటి వేగం రెట్టింపయితే కాళ్ల మీద పడే తోపు నాలుగింతలవుతుంది. అందుకే నిన్న దాటిన ఏరే కదా అని ఇవాళ దాటకూడదు.

పత్రికల్లో, టీవీల్లో మనకు రోజూ వినిపించే అంకె క్యూసెక్కు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్ల నీళ్లు. అది కాలువల లెక్కకూ డ్యాముల లెక్కకూ బాగా పనికొస్తుంది, స్నానానికి వెళ్లేవాళ్లకు ఏమీ చెప్పదు. వెయ్యి క్యూసెక్కులు వస్తున్నాయన్నారనుకోండి. 30 మీటర్ల వెడల్పున్న వాగులో అర మీటరు లోతున ఆ నీళ్లు పోవాలంటే సెకనుకు 1.9 మీటర్ల వేగం కావాలి. లబ్ధం 0.94, సహాయక సిబ్బంది కూడా దిగకూడని నీళ్లు. అవే వెయ్యి క్యూసెక్కులు 150 మీటర్ల వెడల్పున పరుచుకున్న ఇసుక ఏట్లో అదే లోతున పోతే లబ్ధం 0.19. పెద్దవాళ్లు హాయిగా నడిచిపోవచ్చు. పంబలేరు లాంటి ఇరుకు వాగుకూ, స్వర్ణముఖి లాంటి వెడల్పు ఇసుక ఏటికీ ఒకే క్యూసెక్కు చెబితే ఒకచోట భయపెట్టినట్టు, ఇంకోచోట మోసం చేసినట్టు అవుతుంది.

మన నీళ్ల అంకెలన్నీ పెద్ద ప్రశ్నలకే జవాబు చెప్పేలా తయారయ్యాయి. కండలేరులో 68 టీఎంసీలు పడతాయి, అక్కడి నుంచి ఆంధ్రలో 152 కిలోమీటర్ల కాలువ వెంట మద్రాసుకు నీళ్లు పోతాయి, 1983 ఒప్పందం ప్రకారం ఏడాదికి 12 టీఎంసీలు సరిహద్దు దగ్గర అప్పజెప్పాలి. ఈ లెక్క మా ఊళ్లో టీ కొట్టు దగ్గర కూడా చెబుతారు. ఇక రెండో రకం అంకె ప్రమాద హెచ్చరిక. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఇవి ఊళ్లను ఖాళీ చేయించడానికి పెట్టిన గీతలు. ఒడ్డున నిలబడి దిగాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న మనిషి కోసం పెట్టినవి కావు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో 2019 సెప్టెంబరు 15 చెబుతుంది. ఆ ఆదివారం పాపికొండలు చూడటానికి 77 మందితో బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. నదిలో ఆరోజు సుమారు 5 లక్షల క్యూసెక్కులు పారుతున్నాయి. ధవళేశ్వరం మొదటి హెచ్చరికకు అది సగమే. ఊళ్లకు ముప్పు లేని నీళ్లే ఆ మలుపులో విహారానికి వెళ్లినవాళ్లకు యముడయ్యాయి. ఒకే నదికి, ఒకే రోజు, రెండు వేర్వేరు గీతలు కావాలి: ఊరికి ఒకటి, పడవకు ఒకటి.

మా వైపు ఈ అవసరం ఇంకా ఎక్కువ, దానికి కారణం పంచాంగంలోనే ఉంది. రాష్ట్రంలో చాలా చోట్ల వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు దాకా. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పడుతుంది, ఈశాన్య రుతుపవనాల వల్ల, వాయుగుండాల వల్ల. చెరువులు నిండి కలుజులు పారేది అప్పుడే. సరిగ్గా అప్పుడే కార్తీకం. నది స్నానాలు, నీళ్లలో దీపాలు వదలడాలు, తోటల్లో వనభోజనాలు, ఆదివారాలు పిల్లాజెల్లాతో ఏటి ఒడ్డు ప్రయాణాలు. ఇంగ్లండులోనో అమెరికాలోనో వేసవిలో నదికి వెళతారు, నీళ్లు తగ్గి ఉంటాయి. మనం వరద నెలలో వెళతాం. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు, అది కార్తీక ఆదివారం. 2021 నవంబరు 19 కార్తీక పౌర్ణమి. ఆ రోజే ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ రోజుల్లోనే పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, పంబలేరు పొంగి గూడూరు దగ్గర జాతీయ రహదారి మీద బళ్లు ఆగిపోయాయి.

ఆ నీళ్లు దిగాక ఏటి ఒడ్డున నడిస్తే తుమ్మ కొమ్మలకు ప్లాస్టిక్ కవర్లు, గడ్డి చుట్టలు వేలాడుతూ కనిపిస్తాయి. మన తలకంటే ఎత్తులో ఉంటాయవి. ఎవరూ గీయకుండా ఏరే గీసుకున్న గీత. వేసవిలో అదే ఒడ్డున కూర్చుని ఆ కవర్లను చూస్తే, కింద పాదం మునిగేంత నీళ్లున్న ఈ ఏరు అంత ఎత్తుకు లేచిందంటే నమ్మబుద్ధి కాదు. పడమట వెలిగొండల మీద రాత్రి కురిసిన వాన గూడూరులో ఎండ కాస్తుండగా రావచ్చు. అందుకే మొదటి అంకె లోతు-వేగం అయితే, రెండో అంకె ఎగువన వాన పడి ఎన్ని గంటలైంది, పైనున్న గేట్లు ఎత్తారా అన్నది. కేంద్ర జలసంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో పెద్ద నదుల మట్టాలు ఫోనులోనే కనిపిస్తాయి. పంబలేరు లాంటి వాగుకు మాత్రం ఎగువ ఊళ్లో చుట్టానికి ఒక ఫోను కొట్టడమే యాప్. చుట్టం చెప్పేది నమ్మదగ్గ సమాచారమే, పెద్దాయన మోకాలి లాగే. దాన్ని పదిమందికీ అందేలా రాసిపెట్టేవాళ్లు లేరు, అంతే.

అడుగు కనిపిస్తుందా అన్నది మూడో సంగతి. న్యూజిలాండ్‌లో ఈత నీళ్లకు ఒక మార్గదర్శకం ఉంది, నీళ్లలో అడ్డంగా 1.6 మీటర్ల దూరం చూపు ఆనాలి. మన ఏళ్లలో వరద తర్వాత చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు. ఇసుక తవ్విన గుంటల్ని ఈ బురదనీళ్లు కప్పేస్తాయి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇసుక మూడు మీటర్లకు మించి తవ్వకూడదు. నిబంధన తు.చ. తప్పకుండా పాటించినా మూడు మీటర్లంటే దాదాపు పదడుగులు, ఇద్దరు మనుషుల నిలువు. మోకాల్లోతున నడుస్తున్న కుర్రాడు మరో అడుగుకు అందులో ఉంటాడు. ఈత వచ్చినవాడికి కూడా అడుగు జారిన ఆ క్షణంలో గుక్క మింగడమే అవుతుంది. స్వర్ణముఖి వైపు స్నానానికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. వేసవిలో ఏరు ఎండినప్పుడు ఒకసారి వెళ్లి నడిచి చూడండి, గుంటలెక్కడున్నాయో అప్పుడే తెలుస్తుంది. వరద మళ్లీ వాటిని జరపొచ్చు, అయినా ఏమీ తెలియకుండా దిగడం కంటే నయం.

నీళ్లు నిలకడగా, తేటగా, మోకాల్లోతున ఉన్నాయి, అయినా దిగకూడని రోజులుంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన నీళ్లకు 'ఏ' నుంచి 'ఈ' దాకా ఐదు తరగతులు పెట్టింది. ఏ తరగతి నీళ్లు శుద్ధి లేకుండా, క్లోరిన్ ఒక్కటే కలిపి తాగొచ్చు. బీ తరగతి ఆరుబయట స్నానానికి. డీ చేపలకూ జంతువులకూ, 'ఈ' తరగతి సాగుకు. బీ తరగతిలో చేరాలంటే లీటరు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, సేంద్రియ మురుగును కొలిచే బీఓడీ 3 మిల్లీగ్రాములు దాటకూడదు, మొత్తం కోలిఫామ్ క్రిములు 100 మిల్లీలీటర్లలో 500 మించకూడదు. స్నానపు నీళ్లకు వేరే ప్రమాణం కూడా ఉంది: మలంలోంచి వచ్చే కోలిఫామ్ 500 ఉంటే మంచిది, 2,500 దాటితే వద్దు. దేశంలో బీఓడీ హద్దు దాటిన నదీ భాగాలు 2018 లెక్కలో 351, 2022 లెక్కలో 311. తగ్గాయి, సంతోషమే. కానీ ఈ నమూనాలు నెలకో, మూడు నెలలకో తీస్తారు, బీఓడీ ఫలితం తేలడానికే మూడు నుంచి ఐదు రోజులు పట్టే పరీక్ష. జవాబు వచ్చేసరికి ఆ నీళ్లు బంగాళాఖాతంలో కలిసి ఉంటాయి.

పారిస్‌లో 2024 ఒలింపిక్స్‌కు ముందు సెన్ నదిని శుభ్రం చేయడానికి 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టారు. అయినా వాన పడేసరికి ఈ.కోలై క్రిములు హద్దు దాటాయి, మగవాళ్ల ట్రయథ్లాన్‌ను ఒకరోజు వాయిదా వేశారు. హద్దు 100 మిల్లీలీటర్లకు 1,000. వాన వీధుల్లోదంతా కడిగి నదిలో పోస్తుంది, అది పారిసైనా తిరుపతైనా ఒకటే. న్యూజిలాండ్‌లో ఈ.కోలై 260 దాకా ఆకుపచ్చ, 550 దాకా పసుపు, ఆపైన ఎరుపు. గట్టి వాన తర్వాత రెండు మూడు రోజులు దిగొద్దని అక్కడ అందరికీ చెబుతారు. పరీక్ష చేయకుండానే మనం తెచ్చుకోగల నియమం ఇదొక్కటే, ఖర్చు లేనిదీ ఇదే. ఎగువన పట్టణాల మురుగు కలిసే స్వర్ణముఖికి నేను మూడు రోజులే పెడతాను. కళ్లకు, నోటికి నీళ్లు తగిలేలా మునగడానికి ఆ మూడు రోజులు ఆగితే కార్తీకం పోదు, నెల ఉంది.

పులికాట్ దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ఈ వైపువాళ్లు ప్రళయకావేరి అని కూడా పిలిచే ఈ సరస్సు దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి కయ్య. సగటు లోతు ఒక మీటరే, ఏటి వడి ఉండదు. కాబట్టి లోతు-వేగం గుణకారం దాదాపు సున్నా. కానీ అడుగున అడుసు, కాలు దిగబడితే పైకి రావడం కష్టం. ఎదురుగాలి లేస్తే పలచని నీళ్లలో పడవ ఇబ్బంది పడుతుంది. పులికాట్ ఈతకు ఎంత పనికొస్తుందని మార్కు వేయడంలో అర్థం లేదు. అక్కడి వినోదం పడవ, పక్షులు. అందుకు చూడాల్సినవి గాలి, నీటి మట్టం, రుతువు. వానలకు తీపెక్కి, వేసవికి సముద్రాన్ని మించిన ఉప్పుదనానికి చేరే నీళ్లు కాబట్టి రాజహంసలు ఎప్పుడు, ఎక్కడ దిగుతాయన్నది కూడా ఆ నీళ్ల మీదే ఆధారపడుతుంది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో 459 హెక్టార్ల అభయారణ్యం, గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకునే చోటు. అక్కడ చెరువు నిండిందా లేదా అన్నదే మార్కు.

కండలేరు నుంచి మద్రాసుకు పోయే తెలుగుగంగ కాలువకు మార్కు వేయక్కర్లేదు. సిమెంటు లైనింగు, వాలు గోడలు, పాచి. దిగినవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నీళ్లు ఎంత తేటగా కనిపించినా అది సున్నాయే.

ఇన్ని అంకెలు కలిపి ఒక మార్కు ఎలా వేయాలి? హోటళ్లకు, సినిమాలకు వేసినట్టు సగటు తీసి నక్షత్రాలు ఇవ్వడం ఇక్కడ పనికిరాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. వడి తక్కువకు 9, తేటదనానికి 9, క్రిములు లేనందుకు 9, ఇసుక గుంటకు 1 వేస్తే సగటు 7 వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ ఒకటి దగ్గరే ప్రాణం పోతుంది. పదో తరగతి పరీక్షలా చూడాలి, ఐదు సబ్జెక్టుల్లో తొంభైలు వచ్చినా ఒక దాంట్లో తప్పితే తప్పినట్టే. ఏటి మార్కు అంటే దాని అన్నిటికంటే తక్కువ మార్కు. ఆ మార్కు కూడా దిగేవాళ్లలో అందరికంటే చిన్నవాడి ఎత్తు, బరువులకు వేయాలి.

పంబలేరు చప్టాకు ఇదంతా చేయడానికి కావాల్సింది ఒక డబ్బా పెయింటు. చప్టా పక్క స్తంభం మీద అర మీటరు దగ్గర ఒక గీత, 1.2 మీటర్ల దగ్గర ఒక గీత. గీత పక్కన పిల్లల బొమ్మ, పెద్దల బొమ్మ. ఒడ్డున పది మీటర్ల దూరంలో రెండు రాళ్లకు సున్నం. పంచాయతీవాళ్లు వానాకాలంలో రోజుకోసారి మార్చగలిగే పలక ఒకటి: ఎగువన వాన ఎప్పుడు పడింది, పండుకు ఎన్ని సెకన్లు పట్టింది. కార్తీకం మొదలయ్యేలోపు ఒక మధ్యాహ్నం పని.

ఆ సోమవారం నా సంచిలో కమలాపండు లేదు. కర్ర ఉంది. పెద్దాయన మోకాలి దగ్గర పెట్టి, నీళ్లు తగిలినచోట వేలు పట్టుకుని తెచ్చి పిల్లాడి పక్కన నిలబెట్టాను. వేలు వాడి తొడ మీద నిలిచింది. వాళ్లమ్మ చూసింది. పళ్లెం గట్టు మీద పెట్టి, వాణ్ణి మెట్టు మీద కూచోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి నెత్తిన పోసింది. వాడు చలికి కేకలు పెట్టాడు. ఆ తర్వాత దీపాన్ని వాడి చేత్తోనే ఒడ్డున నిలకడగా ఉన్న నీళ్లలో వదిలించింది.